బ్యాండుమేళం: కొనేటోళ్లకు రెండు మాటలు

ముందుగాల మీ గడప కొలుసుకోండి.
ముప్పై అంగుళాలకు తక్కువుంటే
కాళ్లు ఊడదీసి, పక్కకు ఒరిగించి,
మేనమామలు గంపల పెండ్లిపిల్లను మోసినట్టు
నలుగురు మోసుకరావాలె.
మా ఇంట్ల తలుపులే పీకినం.
అండాలు ఇంకా మాట్లాడుతలేదు.

మిర్యాలగూడ రైసుమిల్లు మెకానిక్కు సైదులు
సొంతంగ చేసిన పిన్‌బాల్ మిషిన్ ఇది.
మొత్తం నాలుగే చేసిండు. నాది మూడోది.
బల్ల టేకుది. పైన అద్దం డొక్కు బస్సుది,
ఓ మూలకు 'అత్యవసర' చెరిగిపోయి
'ద్వారం' ఒక్కటి మిగిలింది.
గుండు మిల్లు బేరింగుల నుంచి తీసింది,
రేగుపండంత.
ఎండకాలంల గూడ అరచేతిల సల్లగుంటది.

ఇగ ఆట.
స్ప్రింగు గుంజి ఇడిస్తే గుండు
ఊరేగింపు తొవ్వ పడ్తది.
మొదలు సైడు డ్రమ్ము, తాకితే యాభై.
రెండు తాళాల నడుమ ఇరికిందా,
చం చం చం అని దాని బుద్ధి పుట్టినంతసేపు.
మీరేం చెయ్యనక్కర్లే, నిలబడి సూసుడే.
పెద్ద డ్రమ్ముకు తాకితే కాళ్ల కింది షాబాదు బండ అదురుతది.
బాకా దాక ఎక్కాలంటే ఎడమరెక్కతోని కొట్టాలె.
ఎడమరెక్కకు బలం లేదు.
దోస్తు చేసిండని దాస్తనా, ఇది లోపమే.
పొలాలకు మోటర్లు నడిచే యాళ్లకు
గుండు సగం దాక పోయి
అప్పడగబోయినోని తీరు మలుపుకొని వస్తది.
స్టెబిలైజరు లేకుంట కొనకండి.

బొమ్మలు వేసినాయన
గుర్రానికీ పెండ్లికొడుకుకూ ఒక్కటే మొకం వేసిండు.
మా మనుమడు రెంటికీ దండం పెట్టిండు.

ధర లక్షా ఇరవై. మోసిన కూలి వేరే.

సప్పుడు సంగతి జెప్పాలె.
మూసేసిన గోదాంల బ్యాండోళ్లను కూసోబెట్టి
ఒక్కొక్క వాయిద్యం ఇడిగ రికార్డు చేసిండు సైదులు.
ఊక దుమ్ముకు డ్రమ్మాయన తుమ్మిన తుమ్ము గూడ ఉన్నది,
ఎనిమిది వేలు దాటితే వస్తది.

క్లారినెట్టు మాత్రం ఏడ తాకినా పలుకలే.
బొమ్మ ఉన్నది. కింద సన్నగ 'దస్తగిరి' అని రాసున్నది.
తాకితే బల్బు వెలుగుతది, అంతే.
వారం ఎతికిన. వైరు తెగిందేమో అని ఫోన్ జేస్తే
'గుండు పోగొట్టుకో అన్నా' అన్నడు.

గుండు రెండు రెక్కల సందు నుంచి
మోరిలకు జారినంక
తాళాలు, డ్రమ్ములు, అన్నీ బందైతయి.
లైట్లు ఒక్కొక్కటే కండ్లు మూస్తయి.
అప్పుడు ఊదుతడు.
అప్పగింతల కాడ ఊదేది.
పదకొండు సెకన్లు.
నడుమ ఒక్కపారి ఊపిరి తీసుకునుడు గూడ ఇనపడ్తది,
తడి గోనెసంచి గుంజినట్టు.

అంతకన్న ఊదలేకపోయిండట.
ఛాయ తాగొస్త అని లేసి పోయిండట.
మళ్ల రాలే.

ఓడినోనికే ఇనపడాలె అని పెట్టినవా, అన్న.
'లేదన్నా, చిప్పుల ఆఖర్ల గంతే జాగ మిగిలింది' అన్నడు.

కొన్న నెలల పందొమ్మిది వేలు కొట్టిన.
ఇప్పుడు నాలుగు వేలు దాటుతలే.
చేతులకు ఏం కాలే, బాగనే ఉన్నయి.

నిన్న రాత్రి కరెంటు వచ్చినంక
ముందటర్రల స్ప్రింగు సప్పుడైతే లేసి సూసిన.
అండాలు.
కొంగు నడుముకు చెక్కుకొని
గుంజుతున్నది, ఇడుస్తున్నది,
గుండు తిరిగి తిరిగి జారేదాక
చేతులు కట్టుకొని నిలబడ్తున్నది.
రెక్కల బటన్ల మీద
యేలు గూడ పెడ్తలేదు.